అన్న పేరు

పొగ తెల్లగా ఉన్నంతసేపూ జోగయ్య కదలలేదు. అది పసుపు తిరిగి ముక్కులో ఘాటు దిగగానే చెయ్యెత్తాడు. అవతల నిలబడ్డ అసిరయ్య డ్రమ్ము చక్రం గట్టిగా తిప్పాడు. జీడిపిక్కలు మండుతూ బయటికి దొర్లాయి. జోగయ్య వాటిమీద నీళ్ళు చిలకరించి, బూడిద చల్లి, పారతో నేలమీద పరిచాడు. ఒక్క క్షణం ముందు తీస్తే పెంకు పగలక ఆడవాళ్ళు తిట్టిపోస్తారు. ఇంకొక్క క్షణం ఆగితే లోపల పప్పు మాడిపోతుంది. ఆ క్షణం ఎప్పుడొస్తుందో గడియారానికి తెలియదు, జోగయ్య ముక్కుకి తెలుసు. నలభై ఏళ్ళుగా ఆ బట్టీకి ఆ ముక్కే పెట్టుబడి.

కోటబొమ్మాళి నుంచి పలాస వెళ్ళే రోడ్డు పక్కన రేకుల షెడ్డు అది. చుట్టుపక్కల అందరూ ఆవిరి బాయిలర్లు పెట్టేసుకున్నారు. ఇక్కడ మాత్రం 2013లో కూడా నిప్పే. వచ్చే నెల నుంచి ఇక్కడా బాయిలరేనని చిన్న షావుకారు మోహనకృష్ణ చెప్పాడు. జోగయ్య సరేనన్నాడు. బాయిలరు వచ్చేనాటికి తనుండడని అతనికి ఎందుకో తెలిసిపోయింది.

యాభై అయిదేళ్ళ మనిషి. కనుబొమలు ఎప్పుడో కాలిపోయాయి, మళ్ళీ మొలవలేదు. వాటి చోట రెండు నున్నటి గీతలు మిగిలాయి. జీడినూనె తినేసి వేళ్ళు నల్లగా, మొద్దుగా ఉంటాయి. పిడికిలి బిగిస్తే పూర్తిగా మూసుకోదు. దగ్గినప్పుడు ఒళ్ళంతా ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, దగ్గు వెళ్ళిపోయేదాకా అలాగే ఉంటాడు. శ్రీకాకుళంలో డాక్టరు ఊపిరితిత్తుల ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించి, పొగ దగ్గరికి వెళ్ళొద్దన్నాడు. చేపని నీళ్ళు మానెయ్యమన్నట్టుంది అనుకున్నాడు జోగయ్య. మర్నాడు మళ్ళీ డ్రమ్ము దగ్గరే నిలబడ్డాడు.

"మావా, రేపు ఏటి పేరెట్టుకుంతన్నావు?" అసిరయ్య అడిగాడు. "నాకైతే జేమ్సు అని రాయించేసినాను. మా ఆడది పలకడానికి నిన్నటికాడి నుంచి తంటాలు పడతన్నాది."

జోగయ్య నవ్వేసి పారతో పిక్కలు సర్దాడు. తెల్లవారితే ఆదివారం. వాళ్ళ బాప్టిస్టు సంఘం వాళ్ళు అయిదుగురిని వ్యానులో భావనపాడు తీసుకెళ్ళి సముద్రంలో ముంచబోతున్నారు. ఆ అయిదుగురిలో జోగయ్య ఒకడు. సంఘంలో దీన్ని మించిన వార్త లేదు. ఎందుకంటే జోగయ్య ఇరవై ఎనిమిదేళ్ళుగా గుడికి వస్తూనే ఉన్నాడు, బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. వెనక గోడకి ఆనుకుని కూర్చుంటాడు, పాటలన్నీ పాడతాడు. నెల మొదటి ఆదివారం, బాప్తిస్మం పొందినవాళ్ళకే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల వేళకి లేచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటాడు. గోడమీద పిల్లి అని అతనికి పేరు. పిల్లయినా ఏదో ఒక రోజు దూకుతుంది, వీడు దూకడు అని మగవాళ్ళ నవ్వులు.

అతను దూకకపోవడానికి కారణం అతని అన్న లక్ష్ముడు.

అమ్మా అయ్యా ఒకే వారంలో పోతే, ఎనిమిదేళ్ళ తమ్ముణ్ణి లక్ష్ముడే పెంచాడు. లక్ష్ముడికి అప్పటికి పద్దెనిమిది. తను గంజి తాగి వీడికి అన్నం పెట్టాడు. బాగా తాగేవాడు. తాగితే మంచీ చెడ్డా తెలిసేది కాదు. ఒకసారి ప్రార్థనకు రమ్మన్న బైబిలమ్మని కర్ర పట్టుకుని వీధి చివరిదాకా తరిమాడు. ఏ దేవుడికీ దణ్ణం పెట్టినవాడు కాడు. అన్నదమ్ములిద్దరూ ఈ బట్టీలోనే పని చేసేవాళ్ళు. పప్పు దొంగిలించుకుపోతారని పెద్ద షావుకారు జగన్నాధం షెడ్డుకి బయట తాళం వేయించేవాడు. ముప్పై అయిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం జీడినూనె తొట్టికి నిప్పంటుకుంది. లక్ష్ముడు తమ్ముణ్ణి భుజాల మీదికెత్తి, రేకుల కింద ఉన్న కంతలోంచి బయటికి తోసేశాడు. అతన్ని ఎత్తి తొయ్యడానికి లోపల ఎవరూ లేరు. తాళంచెవి దొరికేసరికి అంతా అయిపోయింది.

ఆ తరవాత ఏడేళ్ళకి జోగయ్య, అక్కడే పిక్కలు కొట్టే జ్ఞానసుందరిని చేసుకున్నాడు. అవిశ్వాసిని పెళ్ళాడినందుకు సంఘం ఆమెని రెండేళ్ళు బల్ల దగ్గరికి రానివ్వలేదు. తరవాత అందరి ముందూ నిలబెట్టి ఒప్పుకోలు చెప్పించి చేర్చుకున్నారు. ఆ అవమానం ఆమె అతని కోసమే పడింది. అది అతను మరిచిపోలేదు. ఆమె వెంట మొదటిసారి గుడికి వెళ్ళిన రోజున అప్పటి పాస్టరుగారు అగ్నిగుండం గురించి ప్రసంగించారు. రక్షణ లేకుండా చచ్చినవాళ్ళు అందులో ఉంటారనీ, ఆ మంట ఆరదనీ చెప్పారు. వింటున్న జోగయ్య ముక్కుకి ఆ మధ్యాహ్నపు కంపు తగిలింది. అతనికి యేసు ప్రభువు మీద నమ్మకం కుదరక కాదు. కుదిరింది, బాగా కుదిరింది. కానీ అన్నని అక్కడ వదిలేసి తను పైకెలా వెళ్తాడు? ఒకసారి భుజాల మీద నిలబడి బయటపడ్డాడు. రెండోసారి ఆ పని చెయ్యలేడు.

ఇన్నేళ్ళ తరవాత ఒప్పుకున్నది డాక్టరు ఫిల్ము చూసి కాదు. పోయిన నెల ఒక సాయంత్రం అన్నం పెడుతూ జ్ఞానసుందరి ఆగిపోయింది. "నువ్వు బేగి ఎల్లిపోతావు మావా. ఎనకాల నానూ వస్తాను. అక్కడ నువ్వు కనపడవు. పిల్లాజెల్లా నేరు. వొక్కర్తినీ ఆ పరలోకంలో ఏటి సేసుకుంటాను?" అంది. ఆమె ఏడవలేదు. అన్నం గరిటె చేతిలోనే ఉండిపోయింది. అది చూసి జోగయ్య "సరే ముంచీమను" అన్నాడు. అన్నాడే గానీ అప్పటినుంచి అతనికి నిద్ర లేదు. ఒకవైపు అన్న, ఒకవైపు జ్ఞానసుందరి.

మధ్యాహ్నం పని ఆపి బయటికొచ్చేటప్పుడు ఆఫీసు వరండాలో జగన్నాధం కుర్చీలో ఉన్నాడు. ఎనభై ఏళ్ళు. పక్షవాతం వచ్చి నాలుగేళ్ళయింది. మాట పోయింది. పొద్దున్న తెచ్చి కూర్చోబెడతారు, సాయంత్రం తీసుకుపోతారు. పెదవి చివర చొంగ మీద ఈగలు వాలాయి. చెయ్యెత్తి తోలుకోలేడు. జోగయ్య రోజూలాగే ఆగి, తలగుడ్డ విప్పి ఈగల్ని తోలి, ఆయన మూతి తుడిచాడు. ముసలాయన కళ్ళు అతని వైపు తిరిగాయి. గుర్తు పట్టాడో లేదో ఎవరికీ తెలీదు. జోగయ్య తలగుడ్డని కుళాయి కింద తడిపి పిండుకుని సైకిలెక్కాడు.

నాలుగు గంటలకి గుడిలో విచారణ. బాప్తిస్మానికి ముందురోజు ఒక్కొక్కర్నీ పిలిచి విశ్వాసం గురించి అడగడం ఆ సంఘంలో ఆనవాయితీ. బల్ల వెనక ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన పాస్టరు డేవిడ్‌రాజు, నలభై ఏళ్ళవాడు, బొబ్బిలి వైపు నుంచి వచ్చి మూడేళ్ళయింది. రెండో ఆయన సంఘ కార్యదర్శి స్టాన్లీ మేష్టారు, రిటైరైన హెడ్మాస్టరు. ఆయన ముందు అయిదు అట్ట కార్డులున్నాయి. ప్రతి కార్డు మీదా పాత పేరు, కొత్త పేరు, బాప్తిస్మం పొందిన తేదీ అని మూడు గళ్ళు. జ్ఞానసుందరి బయట మెట్ల మీద కూర్చుంది.

"యేసు ప్రభువు మీ పాపాల కోసం చనిపోయాడని నమ్ముతున్నారా?" డేవిడ్‌రాజు అడిగాడు.

"నమ్ముతన్నానండి."

"ఆయన మళ్ళీ వచ్చి బతికున్నవాళ్ళకీ చనిపోయినవాళ్ళకీ తీర్పు తీరుస్తాడని నమ్ముతున్నారా?"

జోగయ్య తన చేతులకేసి చూసుకున్నాడు. అవునంటే అయిపోయేది. అసిరయ్య రెండు నిమిషాల్లో అయిపోయి వెళ్ళాడు.

"అయ్యగారూ, నానొకటి అడుగుతాను. నలబై ఏళ్ళు మంటకాడే ఉన్నాను. నాను పిక్క కాలిస్తే లోపల పప్పు కోసం. పెంకు మీద నాకు కోపం నేదు. దేవుడు మనిసిని ఆరని మంటలో ఎట్టి ఏటి తీసుకుంటాడండి?"

"వాక్యంలో ఉన్నది ఉన్నట్టు నమ్మాలి జోగయ్యా," అన్నాడు స్టాన్లీ మేష్టారు. "దానికి మనం ఉప్పూ కారం కలపకూడదు."

"కలపనండి. మా అన్న వొకపాలి కాలిపోనాడు. నాకోసం కాలిపోనాడు. ఆణ్ణి మళ్ళీ కాలుస్తాడా అని అడుగుతన్నాను. అంతే."

మేష్టారు ఏదో అనబోయాడు. డేవిడ్‌రాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆరోజు షెడ్డుకి తాళం ఎవరు వేయించారు?" అని అడిగాడు.

"పెద్ద సావుకారండి."

"దాని గురించి ఎవరైనా అడిగారా ఆయన్ని?"

"ఎవులడుగుతారండి? తాగుబోతోడు తొట్టి దొర్లించుకున్నాడని రాసీసినారు."

"ఎవరో ఒకరు అడగాలా, వద్దా?"

జోగయ్య తలెత్తాడు. "అడగాలండి," అన్నాడు.

"నాకు తెలిసిన తీర్పు అదే జోగయ్యగారూ. ఆ తాళం గురించి అడగడం. మీ అన్న మీద ప్రేమ లేనివాడికి ఆ తాళంతో పనేముంది? ప్రేమ ఉన్నవాడే అడుగుతాడు. తీర్పు తీర్చని దేవుడైతే ఆ తాళాన్ని చూసి ఊరుకున్నవాడే కదా."

ముప్పై అయిదేళ్ళలో ఇంకొకరి నోట ఆ తాళం మాట వినడం జోగయ్యకి అదే మొదటిసారి. అతను తలగుడ్డతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. దగ్గో ఏడుపో బయట కూర్చున్న జ్ఞానసుందరికి తెలియలేదు. మేష్టారు లేచి కూజాలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

నీళ్ళు తాగాక జోగయ్య మళ్ళీ అడిగాడు. "మరి అడిగినాక? సావుకార్ని మంటలో ఏస్తాడాండి?"

జోగయ్య ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"కుర్రప్పుడు రోజూ అదే మొక్కీవోణ్ణి. ఏసీమని. ఇప్పుడొద్దండి. ఆ కంపు నాకు తెలుసు. పగోడికి గూడా వొద్దు. నాకే వొద్దనిపిస్తంటే ఆయనకెలాగుంటాదండి?"

"నాకు తెలీదు," అన్నాడు డేవిడ్‌రాజు. "నరకం మాట ప్రభువే చెప్పాడు. నేను కొట్టెయ్యలేను. కానీ పట్టణం మీదికి రాబోయే నాశనం చూసి ఏడ్చింది కూడా ఆయనే. ఏడవకుండా ఆ మాట చెప్పే హక్కు నాకు లేదు. ఇన్నాళ్ళూ ఏడవకుండానే చెప్పాను. మీ అన్న సంగతి మేకులు దిగిన ఆ ప్రభువు చేతుల్లో ఉంది. మీ అన్నని లోపల పెట్టడం గానీ బయట పెట్టడం గానీ నా చేతిలో లేదు."

జోగయ్య తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. తరవాత తలూపాడు. "అయితే మునుగుతానండి. వొక్కటే. కొత్త పేరు మా అన్న పేరు రాయండి. లక్ష్ముడు."

స్టాన్లీ మేష్టారు కలం కింద పెట్టేశాడు. "అదేం పేరయ్యా! విడిచిపెట్టి వచ్చే పేరు అది, పెట్టుకునే పేరు కాదు. యాకోబు అని రాస్తాను, యోహాను అని రాస్తాను. పోనీ పాతదే ఉంచుకో. చచ్చినవాళ్ళ తరఫున మునగడం మన సంఘంలో లేదు."

"ఆడి తరపున గాదండి. ఆడికి బదులు నాను మునిగితే సెల్లదని నాకూ తెలుసు. అక్కడ గుమ్మం కాడ పేర్లు సదువుతారంటారు గదా. లక్ష్ముడూ అని నన్ను పిలిస్తే, ఆడెక్కడున్నా తలెత్తి సూస్తాడు గదండి. అందుకు."

డేవిడ్‌రాజు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. మేష్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కానీ రాయలేదు. తప్పని తెలిసి రాసే మనిషి కాదాయన. రాత్రి ప్రార్థన చేసుకుని పొద్దున్న సముద్రం దగ్గర చెబుతామన్నాడు పాస్టరు. పాత పేరు గడిలో జోగయ్య అని ఉన్న కార్డు, కొత్త పేరు లేకుండానే, మేష్టారి బైబిల్లోకి వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళేదారిలో జోగయ్య సైకిలు నడిపించుకుంటూ జరిగింది చెప్పాడు. జ్ఞానసుందరి రోడ్డు మీదే ఆగిపోయింది.

"ఆ తాగుబోతోడి పేరుతో నిన్ను పిలవాలా నాను?"

"నువ్వెప్పుడు పేరెట్టి పిలిసినావే? మావా అనే గదా."

ఆమెకి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళకి ఒప్పుకుని, ఇప్పుడు పేరు దగ్గర పేచీ పెడతాడా! రేపు మేష్టారు కుదరదంటే ఏమిటి గతి? "ఆలు రాయమన్న పేరు రాయించుకో మావా. ఒడ్డుకొచ్చి ములిగిపోకు," అంది. జోగయ్య సైకిలు ముందుకి తోశాడు. స్టేషనులో ఏదో రైలు ఆగి కదిలింది. అది వెళ్ళేదాకా గేటు దగ్గర ఇద్దరూ నిలబడ్డారు.

ఇంటికొచ్చాక అతను అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు. ఇంకా పొద్దు పోలేదు. జ్ఞానసుందరి లోపల చోడి అంబలి కాస్తూ మాట్లాడుతూనే ఉంది. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించానని, తడిస్తే దగ్గొస్తుంది కాబట్టి పొడి తువ్వాలు రెండు పెట్టానని, వ్యానులో కిటికీ పక్కన కూర్చోమని. అతను ఊఁ కొడుతున్నాడు. తరవాత ఊఁ కొట్టడం మానేశాడు. మేష్టారి గురించి మళ్ళీ ఆలోచిస్తున్నాడనుకుంది. అంబలి ముంత పట్టుకుని బయటికొచ్చేసరికి గోడకి తల ఆనించి ఉన్నాడు. కళ్ళు సగం తెరుచుకుని వీధిలోకి చూస్తున్నాయి. ముంత అరుగు మీద పెట్టి, అతని నల్లటి చేతిని తన నల్లటి చేతుల్లోకి తీసుకుని, ఆమె పక్కన కూర్చుంది. చాలాసేపటిదాకా ఎవర్నీ పిలవలేదు.

మర్నాడు మిగిలిన నలుగురికీ పొద్దున్నే సముద్రంలో బాప్తిస్మం ఇచ్చి, పదకొండుకల్లా వ్యాను తిన్నగా జోగయ్య ఇంటికే వచ్చింది. జేమ్సుగా మారిన అసిరయ్య తడి బట్టలతోనే దిగి, నులక మంచం కోడు పట్టుకుని బావురుమన్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, గోడమీద పిల్లి అన్నవాళ్ళే అంత భక్తిపరుడు లేడంటున్నారు. సమాధుల దొడ్డిలో బాప్తిస్మం లేనివాళ్ళని గోడ బయట పెట్టడం ఆచారం. ఆ సంగతి ఎవరూ ఎత్తకముందే స్టాన్లీ మేష్టారు మనుషుల్ని పంపి గోడ లోపల తవ్వించాడు.

జ్ఞానసుందరి రాత్రంతా కూర్చున్న చోటే ఉంది. పాస్టరు దగ్గరికి రాగానే అడిగింది.

"ఇరవై ఎనిమిదేళ్ళు ఈడికి సెప్పినాను అయ్యగారూ. ములక్కుండా పోతే మంటే అని. నా నోటితోటే సెప్పినాను. ఇప్పుడు ఆ మాటని నానేటి సేసుకోను?"

నిన్న జోగయ్య తన అన్న గురించి అడిగిందే ఇప్పుడు ఆమె మొగుడి గురించి అడుగుతోంది. డేవిడ్‌రాజు ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ప్యాంటు నడుందాకా ఉప్పునీళ్ళతో తడిసి ఉంది.

"నేనూ చెప్పానమ్మా. నాకు తెలీదని నిన్న అతనితో అన్నాను. ఇవాళా తెలీదు. కానీ అతనికి పగవాడి మీద కూడా మంట మనసొప్పలేదు. ఆ మనసు ఇచ్చినవాడి మనసు అంతకంటే చిన్నదని నేను నమ్మలేను." ఆయన ఏడ్చాడు, అందరి ముందూ.

ఆమె కళ్ళు తుడుచుకుని మేష్టారి వైపు తిరిగింది. "కార్డు తెచ్చినారా? ఆ పేరు రాయండి మేష్టారూ."

"బాప్తిస్మం కాలేదు కదమ్మా."

"అవనేదు. నాకూ తెలుసు. పేరే రాయమంతన్నాను."

మేష్టారు పాస్టరు వైపు చూశాడు. పాస్టరు తలదించుకునే ఉన్నాడు. మేష్టారు బైబిల్లోంచి కార్డు తీశాడు, మోకాలి మీద పెట్టుకున్నాడు, కలం తీసి చాలాసేపు పట్టుకున్నాడు. తరవాత హెడ్మాస్టరు గుండ్రటి అక్షరాలతో నెమ్మదిగా రాసి, ఆరడానికి మంచం అంచున పెట్టాడు.

పెట్టెలోకి మార్చేటప్పుడు జ్ఞానసుందరి ఒంగి అతని తెల్ల చొక్కా కాలరు సర్దింది. "ఎళ్ళు మావా," అంది. "మీ అన్నకాడే ఉండు. నువ్వెక్కడుంటే అక్కడికి నానే వస్తాను. ఆ సంగతి ప్రబువుతోటి నాను మాటాడుకుంటాను."

పాట ఎత్తుకుని పెట్టెని వీధిలోకి తీసుకుపోయారు. వెనకే అందరూ వెళ్ళారు. ఖాళీ మంచం నులక మీద కార్డు ఉండిపోయింది. పాత పేరు జోగయ్య, కొత్త పేరు లక్ష్ముడు, తేదీ గడిలో ఏమీ లేదు.